కాయల్లేని కంప

ఇరవై ఆరేళ్ళు తిరుమల ఘాటు రోడ్డు మీద బస్సు నడిపినవాణ్ణి నేను. ఏ మలుపు తర్వాత ఏ మలుపొస్తుందో, ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ కోతులు రోడ్డుకు అడ్డంగా కూర్చుంటాయో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. అంత జ్ఞాపకం ఉన్నవాణ్ణి, నా చేతులతో నేనే తవ్విన ఒక చిన్న గుంత ఎక్కడుందో మరిచిపోయాను. దాని గురించే ఇది రాస్తున్నాను. రాయమని ఎవరూ అడగలేదు. నోటితో చెప్పబోతే ఇంట్లోవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టావా అంటారు, అందుకని రాస్తున్నాను.

మాది ఏర్పేడు దగ్గర ఒక పల్లె. నాయన పోయాక ఉన్న నాలుగెకరాలు మా అన్నా నేనూ చెరి సగం తీసుకున్నాం. మధ్యలో ఒక గెనిమి, అంటే మట్టి గట్టు. ఇటు నా చేను, అటు అన్న చేను. నేను డ్యూటీ లేని రోజుల్లో సేద్యం చేసేవాణ్ణి, అన్న ప్రతిరోజూ చేసేవాడు. వానలు పడితే శెనక్కాయ, లేకపోతే ఉలవలు. గెనిమికి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటూ కలుపు తీసుకునేవాళ్ళం. మాట్లాడుకోవడం అంటే ఎక్కువగా నేను మాట్లాడటమే. అన్నకు నోరు తక్కువ, నాకు ఎక్కువ. దేవుడు ఇద్దరికీ కలిపి ఇచ్చినట్టున్నాడు, పంపకంలో నాకే అంతా వచ్చింది.

అన్నకు పెళ్ళైన తొమ్మిదేళ్ళకు పాప పుట్టింది. మూడేళ్ళు నిండిన ఎండాకాలంలో వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. మొదటి రోజు దిష్టి అనుకున్నాం, రెండో రోజు వేడి చేసిందనుకున్నాం. మూడో రోజు పొద్దున తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. ఆలస్యం చేసింది మేమే. ఇంకొకరిని అనడానికి లేదు.

మాలో పూడ్చిపెట్టడమే. ఎవరి చేలో వాళ్ళను పెడతాం. చిన్నపిల్లలైతే పాడె ఉండదు, మేళం ఉండదు. ఇద్దరో ముగ్గురో మగవాళ్ళు తీసుకుపోయి పని ముగించుకుని వస్తారు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పిల్లను పెట్టిన చోటు తల్లికి చెప్పకూడదు. చెబితే ఆమె కాళ్ళు ఎప్పుడూ అక్కడికే పోతాయని, మళ్ళీ కడుపు పండదని అంటారు. ఆ రోజు మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, "వదిన అడిగినా చెప్పగాకరా" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

అన్న పాపను గెనిమి దాకా మోసుకొచ్చాడు. అక్కడ నా చేతుల్లో పెట్టేసి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పని అయ్యేదాకా ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. గుంత తవ్వింది నేనూ, మా ఊళ్ళో మేకలు కాసుకునే ఒక ముసలాయనా. వదిన పాప గౌన్లు మూట కట్టి పంపింది. ఆ మూటలో పాప పాలు తాగే స్టీలు గ్లాసు ఉంది. అంగట్లో కొన్నప్పుడు మిషనుతో చుక్కలు చుక్కలుగా దాని మీద అన్న పేరు కొట్టించారు. ఇంకే గ్లాసులో పోసినా ఆ పిల్ల తాగేది కాదు, ఇల్లు ఎగరగొట్టేది. గ్లాసును పాప కుడిచేతి పక్కన పెట్టాను. మట్టి తోశాను.

మట్టి తోశాక కుక్కలూ నక్కలూ తవ్వకుండా పైన ముళ్ళకంప వేయాలి. అది అందరూ చేసేదే. మా చేలల్లో అప్పుడు కంప అనేదే లేదు, అన్న ఉంచితే కదా. రోడ్డు పక్కకు పోయి నాలుగు సర్కారు తుమ్మ కొమ్మలు నరికి ఈడ్చుకొచ్చి వేశాను. తలవైపు ఒక తెల్ల పలుగురాయి పెట్టాను. గెనిమి మలుపు నుంచి లెక్క వేసుకున్నాను, పది అడుగులు. ఇంక ఈ జన్మలో మరిచిపోను అనుకున్నాను.

ఆ తర్వాత అన్న ఆ చేలో మడక పెట్టి దున్నలేదు. మొదటి ఏడు గడ్డి వచ్చింది. రెండో ఏడు జిల్లేడు, రేగు, వాటి మధ్య సర్కారు తుమ్మ మొక్కలు మోకాళ్ళ ఎత్తు వచ్చాయి. అప్పుడు ఒక పార తీసుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని ఉంటే మొత్తం పెళ్ళగించి ఉండొచ్చు. మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లల గురించి చెబుతారు గానీ, ఆ సామెత సర్కారు తుమ్మను చూసే పుట్టి ఉంటుంది. ఏడాది మొక్కను రెండు వేళ్ళతో పీకొచ్చు. మూడేళ్ళ మొక్కకు గడ్డపార కావాలి. ఆ తర్వాత దానిదే రాజ్యం. నరికితే ఒక మోడు నుంచి ఆరు కొమ్మలు లేస్తాయి.

మూడో ఏడు ఒకరోజు వదిన పెరట్లో నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"అప్పా, పాపను యాడ పెట్టినావో నాకు ఒక్కసారి సూపియ్యప్పా. ఏడ్సను. సూసి వచ్చేస్తాను."

అప్పుడు నాకు చోటు తెలుసు. చీకట్లో కూడా పోయి నిలబడగలిగేవాణ్ణి. నాకొక రోగం ఉంది. ఏడుపు రావలసిన చోట కోపం వస్తుంది.

"సూసి ఏం చేస్తావొదినా? పోయిందేమన్నా తిరిగొస్తాదా? ఇంకెప్పుడూ అడగొద్దు," అన్నాను. చెయ్యి కడిగేసుకుని లేచి వచ్చేశాను.

ఆమె మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఇంకొకసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. కట్టుబాటు పాటించినందుకు కడుపేమైనా పండిందా అంటే, అదీ లేదు.

నాలుగో ఏటికి అన్న చేను అడివైపోయింది. అడివి పందులు అందులో పగలంతా పడుకుని, రాత్రికి గెనిమి దాటి వచ్చి నా శెనక్కాయ పెళ్ళగించి తినేవి. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు గెనిమి మీద నిలబడి ఊరంతా వినేలా అరిచాను.

"పందులు ఆడ పండుకోని ఈడ మేస్తాండాయన్నా! నరికిస్తావా, నన్నే నరికించమంటావా?"

"నరకొద్దురా. ఆడ పాప ఉండాది."

"పాప ఉండేది నాలుగడుగుల్లో. దానికి రెండెకరాలు పాడు పెట్టుకుంటారా ఎవురైనా?"

"ఏ నాలుగడుగులో నాకు తెల్దు గదరా," అన్నాడు అన్న.

ఆ మాటకు నేను గెనిమి దిగి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించి ఉండాల్సింది. అప్పటికింకా లోపలికి దారి ఉంది, పలుగురాయి కూడా కనపడుతూ ఉండేదేమో. నేనేమన్నానో తెలుసా? "నీ ఖర్మ," అన్నాను.

ఆ ఎండాకాలమే నేను కంపకు నిప్పు పెట్టాను. అన్ని చెట్లలోకీ పెద్దది ఒకటి గెనిమికి కొంచెం లోపలగా లేచి, నాలుగైదు మానులు ఒకేచోట నిలబడినట్టు ఉండేది. ఆ చేలో తుమ్మలన్నిటికీ తల్లి అదే అని నాకు అనుమానం. దాన్ని రోజూ తిట్టుకునేవాణ్ణి. పాప చోటు దానికి ఇంకా అవతల అనుకున్నాను, అడుగులు లెక్కపెట్టి చూసుకోలేదు. అందుకని దాని మొదట్లోనే ఎండుగడ్డి పోసి అగ్గిపుల్ల గీశాను. అన్న ఎక్కడి నుంచి చూశాడో, వేపమండలు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి కొట్టి కొట్టి ఆర్పాడు. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. నా వైపు చూడను కూడా చూడలేదు. తర్వాత రెండేళ్ళు మాకు మాటల్లేవు. కాలిన తుమ్మ మరుసటి వానకు రెండింతలై లేచింది.

మాటలు మళ్ళీ ఎలా కలిశాయో గుర్తు లేదు. ఏదో పెళ్ళిలో పక్కపక్కన కూర్చున్నట్టున్నాం. చేను ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు. పాప పోయిన పద్నాలుగేళ్ళకు అన్నకు ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో చూసి ఊపిరితిత్తుల్లో నీరన్నారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒకరోజు నేను మంచం పక్కన కూర్చుని ఉంటే, దమ్ము తీసుకుంటూ తీసుకుంటూ చెప్పాడు.

"రేయ్, నన్ను పాప పక్కనే పెట్టల్ల. చోటు నీకు తెలుసు గదా."

"తెలుసన్నా," అన్నాను.

వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె కూడా విన్నది.

మరుసటి రోజు పొడుగు పిడి ఉన్న మచ్చుకత్తి తీసుకుని ఒక్కణ్ణే పోయాను. గెనిమి మలుపు ఎక్కడో అర్థం కాలేదు. వానలకు గెనిమి కరిగి, దాని మీద కూడా తుమ్మ లేచి, నా చేను ఎక్కడ ముగుస్తుందో అన్న చేను ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. కంపలోకి పది అడుగులు పోయాను. చొక్కా చిరిగింది. ఒక ముల్లు చెప్పును పొడుచుకుని కాల్లోకి దిగింది. ఇంటికొచ్చి జిల్లేడు పాలు పెట్టుకుని కూర్చున్నాను. మంచిగా నలుగురు మనుషుల్ని పెట్టి వెతికిద్దాం, రేపు చూద్దాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, మనుషుల్ని పెడితే అన్నకు చెవిన పడుతుంది. చోటు తెలియదని తెలిసిపోతుంది. అంతకన్నా పెద్ద మాట ఇంకొకటి, వెతకడం మొదలుపెడితే అన్న పోతాడని ఒప్పుకున్నట్టవుతుంది. ఆరు వారాలు రేపు రేపు అంటూనే పోయాయి.

వైశాఖ మాసం, కోడి కూసే వేళకు అన్న పోయాడు.

ఎండలు మండుతున్నాయి. శవాన్ని ఎక్కువసేపు ఉంచలేం. కులంలో పెద్దాయన ఒకాయన వచ్చి, "పొద్దు గూకేలోపల ఎత్తేయాల" అని చెప్పాడు. "గుంత కాడ పని నువ్వు సూసుకో" అన్నాడు నాతో. నాకు ఏడవడానికి కూడా తీరిక లేదు. ఏడు గంటలకల్లా నలుగురు మనుషుల్ని పిలుచుకుని చేను దగ్గరికి పోయాను.

సర్కారు తుమ్మ నరకడం చేయి తిరిగినవాళ్ళకు కూడా కష్టమే. చేత్తో ముట్టుకుని లాగకూడదు. ఒకడు పంగలకర్రతో కొమ్మను ఎత్తి పట్టుకోవాలి, రెండోవాడు కింద వంగి మొదలు నరకాలి, మూడోవాడు దాన్ని అదే పంగలకర్రతో ఈడ్చి కుప్ప వేయాలి. ఒక్కొక్క చెట్టు పక్కచెట్టును పట్టుకుని ఉంటుంది, నరికినా కింద పడదు. ఎండకు ఇనుము వేడెక్కుతుంది. గంటకొకసారి కత్తి నూరుకోవాలి. పదకొండయ్యేసరికి ఇరవై అడుగుల పొడుగు, మూడు అడుగుల వెడల్పు ఒక సందు మాత్రం పడింది. నలుగురి చేతులూ నెత్తురు.

గెనిమి మలుపు ఇదే అయ్యుండాలని ఒకచోట నిలబడి పది అడుగులు లెక్కపెట్టాను. అక్కడ ఒక తెల్లరాయి కనపడింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "తవ్వండి, పైపైన తవ్వండి, మెల్లగా," అన్నాను. మోకాలి లోతు తవ్వినా గట్టినేలే. ఎవరూ ఎప్పుడూ తవ్వని నేల. దానికి ఇటు ఇంకో తెల్లరాయి కనపడింది, అటు ఇంకొకటి. మా నేలలో పలుగురాళ్ళకు కరువా? కొండల కింది చేలు, వాన పడినప్పుడల్లా నాలుగు బయటపడతాయి. ఆ ఊరివాణ్ణే అయ్యుండి, పలుగురాయిని గుర్తు పెట్టుకున్నాను చూడండి. నా తెలివికి నన్నే చెప్పుతో కొట్టాలి.

మధ్యాహ్నం పెద్దాయన జేసీబీని పంపాడు. దాన్ని నడిపే ఆయన శ్రీకాళహస్తి వైపు మనిషి, నడివయసు, నెమ్మదస్తుడు. "యాడ పీకాలో చెప్పండప్పా, ఒక గంటలో మైదానం చేసిస్తా," అన్నాడు.

"పీకొద్దు!" అని అరిచాను. "వేర్లతో లేపితే కింద ఏముండాదో తెలుసునా నీకు? బకెట్టు దించినావంటే ఒప్పుకోను."

"దించకుండా ఈ కంప ఎట్ల పోతాదప్పా?"

ఆయన అడిగిందాంట్లో తప్పేముంది? మిషను పక్కన నిలబెట్టి, ఆయన దాని నీడలో కూర్చున్నాడు. మేము మళ్ళీ మచ్చుకత్తులు పట్టుకున్నాం. ఒంటిగంట, రెండు. ఇంటి దగ్గరినుంచి మనిషి మీద మనిషి వస్తున్నాడు, అయ్యిందా అని. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్న సంగతి అందరికీ కనపడుతూనే ఉంది, పైకి ఎవరూ అనడం లేదు. అనకపోతే నాకు ఇంకా మండుతోంది. ఒకడు బీడీ వెలిగించుకున్నాడని వాణ్ణి బండబూతులు తిట్టాను.

మూడు గంటలప్పుడు పెద్దాయన వచ్చాడు. వెనకే వదిన వస్తోంది. శవం ఇంట్లో ఉండగా ఆడమనిషి, అందులోనూ భార్య, చేను దగ్గరికి రావడం మాలో లేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గెనిమి దాకా వెంటపడి పిలుస్తున్నారు. ఆమె వాళ్ళను చూడలేదు. మేము చేసిన సందులోంచి నడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. చీర కొంగుకు తుమ్మముల్లు పట్టుకుని చిరిగింది.

"సోటు దొరకలేదంట?"

నేను మచ్చుకత్తి కింద పెట్టాను.

"తెలుసునంటివి గదా ఆయనతో."

"అప్పుడు తెలుసు వదినా. ఇప్పుడు తెల్దు."

"నేనడిగిన పొద్దు తెలుసునా?"

"తెలుసు."

కోడలి నోటికీ కూతురి నోటికీ ఎన్నడూ భయపడనివాణ్ణి, ఆమె తిడుతుందేమోనని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చుట్టూ ఉన్న కంపను ఒకసారి చూసింది, ఏ వైపు చూడాలో తెలియనట్టు. ఆ చూపు ఇప్పటికీ అన్నం తినేటప్పుడు గుర్తొస్తుంది, ముద్ద దిగదు.

పెద్దాయన మా మధ్యకు వచ్చాడు. "సూడమ్మా, సేనంతా పాపదే. యాడ పెట్టినా పక్కన పెట్టినట్టే. పొద్దు పోతాంది. కానిద్దాం." మంచి మాటే చెప్పాడు, మంచి మనసుతోనే చెప్పాడు. ఆ మాట నాకు కారం రాసినట్టు మండింది, ఎందుకంటే అన్న అడిగింది అది కాదు. వదిన "మీ ఇష్టం" అంది. ఆ గొంతులో ఏమీ లేదు.

ఆ పెద్ద తుమ్మ కింద నేల కాస్త ఖాళీగా ఉంది. దాని నీడకు చిన్న కంప అంతగా లేవలేదు. పాడె మోసేవాళ్ళు నిలబడటానికి అక్కడే వీలవుతుందన్నారు. అయితే వేర్లు అడ్డం, చెట్టును లేపితేగానీ గుంత పడదు. పెద్దాయన నా వైపు చూశాడు. పాప చోటు అది కాదనే నా నమ్మకం, సరేనన్నట్టు తలూపాను. పదేళ్ళు తిట్టుకున్న చెట్టు, అది పోతుందంటే ఆ దుఃఖంలో కూడా నాకు ఒకింత కసి తీరినట్టే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

జేసీబీ ఆయన బకెట్టు దాని మొదటికి ఆనించి మూడుసార్లు కదిపాడు. నాలుగోసారి నేల పగిలింది. మానులన్నీ ఒకేసారి ఒరిగి, వేర్లు మట్టిగడ్డతో సహా పైకి లేచాయి. ఆయన ఉన్నట్టుండి మిషను ఆపేశాడు.

"అప్పా, ఈడ ఏందో మెరస్తాంది."

వేర్ల మధ్య, మట్టిలో, ఒక స్టీలు గ్లాసు. చేతి వేలంత లావున్న వేరు దాని నోట్లోంచి లోపలికి పోయి, దారి లేక చుట్టుకుని మళ్ళీ బయటికి వచ్చింది. నేను వేరు నరికి దాన్ని బయటికి తీశాను. వదిన నా చేతిలోంచి లాక్కుని కొంగుతో తుడిచింది. చుక్కలు చుక్కలుగా అన్న పేరు.

"మా పాప గలాసు," అంది. తర్వాత ఏడ్చింది. పొద్దుటినుంచి అప్పుడే మొదటిసారి ఏడ్చింది.

నేను ఆ గుంతలోకి చూడలేదు. మూడేళ్ళ పిల్ల ఎముకలు అన్నేళ్ళు మట్టిలో ఉంటాయో ఉండవో నాకు తెలియదు. మోకాళ్ళ మీద కూర్చుని, రాలిన మట్టినంతా రెండు చేతులతో వెనక్కి తోసేశాను. తోస్తూ ఉంటే మేకల ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పాపను పెట్టిన రోజు నేను రోడ్డు పక్కనుంచి కొమ్మలు ఈడ్చుకొస్తుంటే ఆయన ఒక మాట అన్నాడు. "కాయలు రాల్చి ఏస్తే మేలప్పా. ఇది యాడ పడితే ఆడ మొలస్తాది." ఎండాకాలం కదా, కొమ్మలకు పసుపుపచ్చగా పండిన కాయలు గుత్తులుగా ఉన్నాయి. "మేక కడుపులో పడి వస్తేనే అది మొలిచేది తాతా, ఈడికి నీ మేకలొస్తాయా ఏంది?" అని కసిరాను. మేకలు కాసేవాడికి మేకల సంగతి నేను చెప్పాను! ఆయన ఇంకేమీ అనలేదు. చావు దగ్గర ఎవరు వాదిస్తారు?

ఆ చేలో తుమ్మను నాటింది నేనే. పాప మీద వేసిన నాలుగు కొమ్మల కాయలు అక్కడే రాలి, అక్కడే మొలిచి, పాపను పట్టుకుని పైకి లేచాయి. అక్కణ్ణించి రెండెకరాలు తిన్నాయి. కంచే చేను మేయడం అంటే విన్నాను గానీ, వేసినవాడి కళ్ళముందే మేస్తుందని అనుకోలేదు. నేను రోజూ గెనిమి మీద నిలబడి తిట్టింది ఆ చోటునే. నిప్పు పెట్టింది ఆ చోటుకే. చేతులు కాల్చుకుని ఆర్పింది అన్న. ఆ చోటని అన్నకు తెలుసా? పెట్టిన రోజు అటు తిరిగి కూర్చున్నాడు కదా, తెలిసి ఉండదు. తెలిసి ఉండదనే అనుకుంటాను.

వదిన గ్లాసును రెండు చేతులతో పట్టుకుని అడిగింది. "దీన్ని ఏ పక్క పెట్టినావు?"

"కుడిచెయ్యి పక్క వదినా."

ఆమె గ్లాసును ఎడంచేతిలోకి మార్చుకుంది. "అది ఎడంచేత్తో గదప్పా తాగేది," అంది.

రోజూ చూసిన పిల్లే. నా ఒళ్ళో కూర్చుని తాగిన పిల్లే.

గుంతను పక్కకు కొంచెం జరిపి, పాప ఉన్న మట్టిని కదపకుండా తవ్వాం. ఈసారి మిషనుతో కాదు, పారలతో. పొద్దు కొండ మీదికి వంగే వేళకు అన్నను తీసుకొచ్చి దించాం. ఇంటికి పొమ్మని ఎవరూ వదినతో అనలేదు. మట్టి వేయబోతుంటే ఆమె గ్లాసు నా చేతికిచ్చింది. "ఎడంపక్క," అంది. నేను గుంతలోకి దిగి, అన్నకూ పాపకూ మధ్యలో, ఆ పిల్ల ఎడమచెయ్యి ఉండే వైపు పెట్టాను. పైకి రావడానికి ఇద్దరు చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది.

మట్టి పూర్తయింది. కుప్ప పోశారు. పద్ధతి ప్రకారం ఇక కంప వేయాలి. ఇద్దరు మనుషులు పోయి, పొద్దున మేము నరికి పోసిన కుప్పలోంచి పంగలకర్రలతో నాలుగు కొమ్మలు ఈడ్చుకొచ్చారు. వైశాఖం. పండిన కాయలు, పసుపుపచ్చగా, గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"ఏయ్, ఆపండి!" అని అరిచాను. "కాయలుండే కంప వద్దు! ఎవురన్నా ఏసినారంటే చేతులు నరుకుతా!"

వాళ్ళు బిత్తరపోయి నిలబడ్డారు. అందులో ఒకడు మెల్లగా అన్నాడు. "ఏందప్పా, ఇప్పుడు కాయలు ఏరుకుంటా కూసోవాల్నా? పొద్దు గూకతాంది."

నేను ఏదో అనేలోపల వదిన నేల మీద కూర్చుంది. ఒక కొమ్మను తన ముందుకు లాక్కుని కాయలు తెంపడం మొదలుపెట్టింది.

"తీసేయండప్పా," అంది తల ఎత్తకుండానే. "ఒగటి గూడా ఉండగూడదు. ఈ సోటు నాకు కనపడాల."

నేను తువ్వాలు పరిచి ఆమె ఎదురుగా కూర్చున్నాను. మిగతావాళ్ళు కూడా కూర్చున్నారు, పెద్దాయన కూడా. ముళ్ళు వేళ్ళలోకి దిగుతున్నా ఎవరూ అబ్బా అనలేదు. తువ్వాలు నిండింది. మూడు కొమ్మలు శుభ్రం చేసి కుప్ప మీద వేశారు. నాలుగోది నేను తెంపి ముగించి, లేచి వేయబోయాను. వదిన ఆగమంది. నా చేతిలోంచి కొమ్మ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఆకుల కింద ఒక్క కాయ మిగిలి ఉంది. దాన్ని తెంపి నా చేతిలో పెట్టింది.